యాత్రికుడు రాని యేడు

నేడు బద్వేలు కూడలిలో నిలిచి చూచువానికి, కరోనా యను మహామారి యొకటి యీ త్రోవను రెండేండ్లు మూసివైచెనన్న నమ్మిక కలుగదు. కృష్ణపట్నము రేవునుండి నెల్లూరు, ఆత్మకూరుల మీదుగా బద్వేలు చేరి మైదుకూరువైపు సాగు 67వ సంఖ్య జాతీయ రహదారిపై వాహనములు ఎడతెగక పోవుచున్నవి. నెల్లూరిసీమనుండి బ్రహ్మంగారిమఠమునకు పోవు భక్తులును, ఒంటిమిట్టకు పోవు కుటుంబములును, గండికోటలోయను చూడబోవు పడుచువారును ఈ యూర నాగి, కాఫీ త్రాగి, టెంకాయలు కొని తమ దారిని పోవుచున్నారు. దేశమున స్వదేశీయాత్రికుల రాకపోకలు 2019లో 232 కోట్లుగా నుండి 2020లో 61 కోట్లకు పడిపోయెననియు, 2023 నాటికి 250 కోట్లకు ఎగసెననియు కేంద్ర పర్యాటకశాఖవారి లెక్కలు తెలుపుచున్నవి. లెక్కలు కోలుకొన్నవి. ఆ లెక్కల వెనుకనున్న మనుష్యుల సంగతి యేమి? మరల నట్టి యేడు దాపురించినచో వారికి దిక్కెవ్వరు? ఈ ప్రశ్న నడుగుటకు సుభిక్షకాలమే తగిన తరుణమని మా యభిప్రాయము. ఇల్లంటుకొన్న పిదప బావి త్రవ్వ మొదలిడినవానిని మన పెద్దలు పరిహసించిరే గాని మెచ్చుకొనలేదు.

యాత్రయే యిచటి పర్యాటకము

పర్యాటకమనగానే సర్కారు కాగితములలో సముద్రతీరపు విడుదులును, నక్షత్రముల హోటళ్లును కనబడును. మన కడప, కర్నూలు సీమలలో మాట వేఱు. ఇచట పర్యాటకమనగా ముఖ్యముగా యాత్రయే. కందిమల్లాయపల్లెలోని వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి, ఒంటిమిట్ట కోదండరాముడు, దేవునికడప వేంకటేశ్వరుడు, కడపలోని అమీన్ పీర్ దర్గా, పెన్నయొడ్డున పుష్పగిరి, ఆవల అహోబిలము, మహానంది, యాగంటి, మంత్రాలయము, శ్రీశైలము — ఇవియే మన సీమకు జనమును రప్పించునవి. గండికోటయు, బెలుము గుహలును, సిద్ధవటపు కోటయు వీని తరువాత వచ్చిన యాకర్షణలు. అంతరించిపోయెనని లోకమనుకొన్న కలివికోడి 1986లో మరల కనబడిన లంకమల యడవియు మన పొరుగుననే యున్నది.

ఈ యాత్రను నమ్ముకొని బ్రతుకువారెవ్వరు? టెంకాయలు, పసుపుకుంకుమలు, పటములు, కాలజ్ఞానపు పుస్తకములు అమ్మువారు, తలనీలాలు తీయువారు, సన్నాయివారు, పూలుకట్టు ఆడువారు, సత్రములలో వంటవారు, లాడ్జీలలో గదులూడ్చు కుఱ్ఱవాండ్రు, బాడుగ ఆటోలు, జీపులు తోలువారు, జాతరనుండి జాతరకు బొమ్మలు మోసికొని తిరుగువారు. వీరిలో పెక్కండ్రకు అంగడి తమది కాదు, బండి తమది కాదు. చేతిలో నొక కాగితముముక్కయు లేదు.

వీరి యాదాయము మన మెట్టపైరు వంటిది. మెట్టరైతునకు రెండు మూడు వానలు పదును తప్పక కురిసిన నేడాది గడచును, తప్పిన గడవదు. అట్లే వీరికి శివరాత్రి, చైత్రమున సీతారామకల్యాణము, వైశాఖమున బ్రహ్మంగారి యారాధన, దసరా — ఈ నాలుగైదు తిథులలో వచ్చినదే మిగిలిన నెలల గ్రాసము. ఈ సంగతి నెఱుగనివారు కరోనాకాలమున వీరికి కలిగిన నష్టమును కొలవజాలరు. మూసినది కొన్ని నెలలే గదా యనువారు, ఆ నెలలలోనే యేడాదిపంట యంతయు నుండెనని గుర్తింపవలయును.

రెండు వైశాఖములు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ కరోనాను మహామారిగా ప్రకటించెను. 17న పురావస్తుశాఖవారు తమ రక్షణలోని కట్టడములన్నిటిని మూసిరి. 20న తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచెను. 25 నుండి దేశమంతట లాక్‌డౌను. సంఖ్యలు చదువుట సులభము. అవి పడిన తిథులను చూడుడు. ఉగాది మొదలు వైశాఖమువఱకు మన సీమయాత్రలకు కొలుపుకాలము. ఒంటిమిట్ట కల్యాణము 2020లోను, 2021లోను భక్తులు లేక యేకాంతముగా జరిగెను. బ్రహ్మంగారి యారాధనతిథి యగు వైశాఖ శుద్ధ దశమి మొదటియేడు లాక్‌డౌనులో పడెను. రెండవయేడు, మధ్యాహ్నము 12 గంటలు దాటిన వెంటనే వీధులు మూయించిన మే నెల కర్ఫ్యూలో పడెను. వరుసగా రెండు పంటలు తప్పినచో రైతులోకము దానిని కఱవందురు. యాత్రపై బ్రతుకువారికి తప్పినవియు రెండు పంటలే. దానికి మాత్రము పేరు లేదు.

ఇందొక విచిత్రము గలదు. ఆ దినములలోనే బ్రహ్మంగారు కరోనాను ముందే చెప్పిరని కాలజ్ఞానవాక్యములు ఫోనుల మీద దేశదేశములకు పరువులెత్తినవి. మహాపురుషుని మాట లోకమంతయు తిరుగుచుండగా, ఆయన సన్నిధిని టెంకాయ లమ్మి బ్రతుకువారు అంగళ్లు మూసికొని యింట కూర్చుండిరి.

మూసివేత తప్పని మే మనుట లేదు. ప్రాణవాయువునకై జనము అల్లాడిన 2021 వేసవిని చూచినవా రెవ్వరు నట్లనజాలరు. జాతరలు తెగుళ్లను పెంచునన్న భయము నేటిది కాదు. 1897 నాటి అంటురోగముల చట్టము ప్లేగు నాటిది. 2020లో మన రాష్ట్రప్రభుత్వము తన నిబంధనలను చేసినది ఆ చట్టముక్రిందనే. అనగా యాత్రను ఆపుటకు 123 ఏండ్లనాడే సిద్ధమైన చట్టము మన కున్నది. ఆపినందున కూడు పోయినవానిని ఆదుకొనుటకు మాత్రము 2020లో చట్టము లేదు. మా వాదమున కిదియే మూలము.

ఇచ్చినది యెంత, చేరినది యెవరికి

ప్రభుత్వములు చేతులు ముడుచుకొని కూర్చుండెనని చెప్పుట యన్యాయము. కేంద్రమువారు 2020 ఏప్రిలు నుండి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము నుచితముగా నిచ్చిరి. రాష్ట్రమువారు ఆ యేప్రిలులోనే బీదకుటుంబములకు వేయి రూపాయలు పంచిరి. అర్చకులకు, ఇమాములకు, పాస్టరులకు తలకు 5 వేలు నిచ్చిరి. ఆటో, టాక్సీవారికి ఏటేట నిచ్చు 10 వేల రూపాయలను, గడువునకు నాలుగునెలలు ముందుగా 2020 జూను 4ననే ఖాతాలలో వేసిరి. ఇది మెచ్చదగిన పని. ఆకలికి వేళకు వచ్చిన పిడికెడు మెతుకులు, వేళ తప్పి వచ్చిన విందుకంటె మేలు. కాని యా 10 వేలు బండి తనదై తానే తోలువానికి మాత్రమే. పరుని బండిని బాడుగకు తోలువానికి అందులో భాగము లేదు.

మిగిలిన సాహాయ్యమంతయు దాదాపుగా అప్పే. కేంద్రమువారు 2020 మే నెలలో 3 లక్షల కోట్ల రూపాయల పూచీతో అత్యవసర ఋణపథకమును ప్రకటించిరి. దానిని హోటళ్లకును, యాత్రావ్యాపారములకును విస్తరించుసరికి 2021 మార్చి 31 వచ్చెను. వీధివర్తకులకు 10 వేల అప్పు. రాష్ట్ర మంత్రివర్గము 2020 డిసెంబరులో హోటళ్లకును, పర్యాటక వ్యాపారులకును 50 వేలు మొదలు 15 లక్షల రూపాయలవఱకు అప్పులిప్పించి, వడ్డీలో కొంత తాను భరింప నంగీకరించెను. 2021 జూను 28న కేంద్ర ఆర్థికమంత్రి మఱియొక పథకమును ప్రకటించిరి: గుర్తింపుగల యాత్రాసంస్థలకు 10 లక్షలవఱకును, గుర్తింపుగల మార్గదర్శకులకు లక్షవఱకును అప్పునకు పూచీ. దేశమంతట నిట్టి మార్గదర్శకుల సంఖ్య సుమారు 10,700 అని అంచనా. కందిమల్లాయపల్లెలో మఠపుచరిత్రను నోటికి చెప్పుచు యాత్రికుని వెంట నడచు ముసలివాడు ఆ జాబితాలో నుండునని యెవ్వరైన తలంతురా?

నిరుద్యోగపు లెక్క నొక్కసారి దీని ప్రక్కన బెట్టి చూడుడు. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనమండలివారు కేంద్ర పర్యాటకశాఖకై చేసిన పరిశీలనలో, 2020 ఏప్రిలు మొదలు జూనువఱకు గల మూడునెలలలోనే పర్యాటకమున 1 కోటి 45 లక్షల యుద్యోగములు పోయినట్లు తేలెను. కోటిన్నరమందికి చేరువైనవారు జీవనము గోల్పోగా, పదివేల చిల్లరమందికి అప్పుపూచీ! ఇది సముద్రమున కాకిరెట్ట యని వేఱుగ చెప్పవలెనా?

మఱియు అప్పు స్వభావమును మన చదువరులకు చెప్పనక్కఱలేదు. భూవసతి గలవారెల్లరు తకావీ నెఱుగుదురు. తకావీ విత్తనమునకు, ఎద్దులకు, బావికి పనికివచ్చును. అదియును వాన పడునన్న యాశ యున్నప్పుడు. వాన లేని నేలలో తకావీ తెచ్చి తిన్నవాడు మఱుసటియేట భూమినే యమ్ముకొనును. యాత్రికుడు రాని యేట టెంకాయల యంగడికి వడ్డీరాయితీయప్పు నిచ్చుటయు నట్టిదే. దానివలన నిజముగా మేలు పొందినవారు తాకట్టునకు కట్టడము, చూపుటకు లెక్కలపుస్తకము గల హోటలువారు. వారికి సాయపడుట తప్పు గాదు. వారును కూలివాండ్రకు జీతములీయవలసినవారే. అయితే గట్టుకు దగ్గఱిమడి తడిసినంతమాత్రమున చివరిమడి తడిసెనని జమ వ్రాసికొనరాదు.

పోరుమామిళ్ల చెరువు చెప్పు మాట

బద్వేలికి పొరుగుననే పోరుమామిళ్ల చెరువున్నది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. చెరువుకట్టుటకు వలయు పండ్రెండంగములను, విడువవలసిన యారు దోషములను ఆ శాసనము చెప్పును. దినమునకు వేయిమంది కూలీలును, రాతిపనికి నూరుబండ్లును రెండేండ్లు పనిచేసినట్లును అందున్నది. ఆ దోషములలో మొదటిది కట్టనుండి నీరు కారుట. వేఱొకటి, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట. ఆరువందల యేబదియేండ్లకు పూర్వము మన మెట్టసీమలో నిలిచి చెప్పిన యీ రెండు మాటలను కరోనానాటి సాహాయ్యమునకు గీటురాయిగా తీసికొనవచ్చును. ఇచ్చిన నీరు కొంచెము. తడుపవలసిన నేల విస్తారము. అదియైనను వానకు ముందు కట్టిన చెరువు కాదు, ఎండిన పిదప త్రవ్విన చెలమ.

రాయలసీమకు చెరువు ఎట్లో, కఱవును అట్లే పాతచుట్టము. 1876–78 నాటి ధాతుకఱవు జ్ఞాపకము తాతలనాటి మాటగా నేటికిని మన యిండ్లలో నున్నది. ఆనాడు సర్ రిచర్డు టెంపిలు దొర కూలివానికి దినమునకు పౌను ధాన్యముతో సరిపెట్టి, పనిచేయువాని యెముకలనే యరుగదీసెను; మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు దానిని ఖండించెను. ఆ దారుణము ముగిసిన పిదప 1880లో కఱవు కమిషనువారి నివేదికయు, 1883లో కఱవు నిబంధనావళి ముసాయిదాయు వెలువడెను. పరపాలకులు చేసిన దానిలో లోపములు పెక్కు గలవు. అయినను ఒక సూత్రము మాత్రము గట్టిది: కఱవు రాకముందే వ్రాసియుంచవలెను, ఏ గుఱుతులు కనబడిన ప్రకటింపవలెనో, ఎవరికి పని, ఎవరికి ఉచితగ్రాసము, ఎచట శిస్తుమాఫీ యను విషయములను కలెక్టరు ఆ దినమున ఆలోచింప మొదలిడక, విప్పి చదివి నడపవలెను.

స్వతంత్రభారతమున ఉపాధిహామీ పథకము ఈ సూత్రమునే హక్కుగా మార్చెను. 2020–21లో దానికి 40 వేల కోట్ల రూపాయలు అదనముగా నిచ్చి, 389 కోట్ల పనిదినములు కల్పించిరి. పల్లెకూలికి జాబుకార్డు రక్షయయ్యెను. బద్వేలు వంటి పురపాలక పట్టణములో లాడ్జిపనివానికి, పూలమ్ముకొను నామెకు ఆ రక్షయును లేకపోయెను.

ఇతరదేశముల రెండు త్రోవలు

ఈ విషయమున లోకము రెండుత్రోవల నడచెను. జపానువారు 2020 జూలై 22న ప్రయాణవ్యయములో రాయితీ నిచ్చి జనమును యాత్రలకు పురికొల్పిరి. అంటువ్యాధి పెరుగగా డిసెంబరులో నిలిపివేసిరి. థాయిలాండువారు విడుదిబాడుగలో నూటికి 40 వంతులు తామే చెల్లించిరి. ఇవి యాత్రికునికి చేసిన సాయములు. తెగులు తగ్గకమున్నే త్రోవ తెఱచిన ముప్పును దెచ్చునవి. ఇంగ్లండు ప్రభుత్వమువారు మఱియొక త్రోవను బట్టి, పని లేక యింటనున్న ఉద్యోగి జీతములో నూటికి 80 వంతులు, నెలకు 2,500 పౌనులు మించకుండ, తామే యిచ్చిరి. ఇది పనివానికి చేసిన సాయము. అంతటి సంపద మనకు లేదు. త్రోవ మాత్రము రెండవదే సరియైనది: తెగులుకాలమున యాత్రను పోషింపరాదు, యాత్రపై బ్రతుకువానిని పోషింపవలెను.

చేయవలసిన పనులు

మొదటిది జాబితా. ప్రతి పొలమున నేపైరున్నదో చెప్పుటకు అడంగలున్నది. ప్రతి యాత్రాస్థలమున నెవరు దేనివలన బ్రతుకుచున్నారో చెప్పు అడంగలు ఉండవలదా? పంచాయతీ, పురపాలకసంఘము, దేవస్థానము కలిసి యేటేట దానిని వ్రాయవచ్చును. సొంత యంగడి, సొంతబండి యుండవలెనను నియమ మిందు కూడదు. రెండు జాతరలలో పనిచేసినట్లు రుజువైన చాలును.

రెండవది ప్రకటన. ప్రతియేట వానలెక్కనుబట్టి కఱవు మండలములను ప్రకటించు ప్రభుత్వము, తన యుత్తర్వుచేతనే యాత్ర నిలిచిన స్థలములను యాత్రాక్షామస్థలములుగా ప్రకటింపవలెను. మూసివేత యుత్తర్వును, సాహాయ్యపు టుత్తర్వును ఒక్కదినముననే వెలువడవలెను.

మూడవది మాఫీ. పంట పోయినచో శిస్తు తగ్గించుట యెంత న్యాయమో, దేవస్థానముల యొద్దను పురపాలకసంఘముల యొద్దను వేలముపాడి అంగళ్లు తీసికొన్నవారికి మూసిననెలల బాడుగ తగ్గించుట యంత న్యాయము. ఇది అధికారి దయపై నుండక, వేలపు షరతులలోనే వ్రాసియుండవలెను.

నాలుగవది పని. యాత్రలు నిలిచిన నెలలు యాత్రాస్థలములను బాగుచేయుటకు తగిన నెలలు. కోనేళ్లు పూడిక తీయుట, సత్రములకు మరమ్మతు, మరుగుదొడ్లు, త్రాగునీరు, కోటలచుట్టును పెరిగిన కంపను కొట్టుట — ఇవి యన్నియు దూరదూరముగా నిలిచి చేయదగిన పనులే. జాబితాలోనివారికి పూర్తికూలి నిచ్చి చేయింపవలెను. టెంపిలు దొరకూలి పనికిరాదు. పనిచేయలేని వృద్ధులకు, వికలాంగులకు అప్పు గాక గ్రాసమే యీయవలెను.

అయిదవది నిధి. వానలప్పుడే చెరువు నిండవలెను. అంగళ్ల వేలములనుండి, వాహనముల నిలుపుసుంకమునుండి, కోటలు గుహల టిక్కెట్లనుండి మంచియేండ్లలో నొక స్వల్పభాగమును వేఱుపఱచి జిల్లానిధిగా నుంచినచో, చెడ్డయేట అమరావతివైపు, ఢిల్లీవైపు చూచుచు కూర్చుండు నవసరము తగ్గును.

దీనికి ధనమెక్కడిదని యడుగువారికి మా ప్రత్యుత్తరము సులభము. 2024లో గండికోట యభివృద్ధికి కేంద్రమువారు సుమారు 78 కోట్లు మంజూరు చేసిరి. ఆ యేటి డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము 2024–29 పర్యాటకవిధానము ద్వారా దీనికి పరిశ్రమ హోదాను ప్రసాదించెను. సంతోషమే. అయితే పరిశ్రమ యన్నపుడు పెట్టుబడిదారునకు రాయితీలు, విద్యుత్తునకు తక్కువధర మాత్రమే కాక, అందలి పనివానికి ఆపద్రక్షయు నుండవలయును. గోడలకు కోట్లు ఖర్చుచేయు చేయి, ఆ గోడలనీడను బ్రతుకువానికి వేలు ఖర్చుచేయుటకు వెనుదీయుట శోభింపదు.

మన కర్తవ్యము

తుదిగా మన చదువరులతో నొకమాట. ప్రభుత్వమునకు బుద్ధిచెప్పి యూరకుండిన సరిపోదు. బద్వేలులోను, మైదుకూరులోను, ఒంటిమిట్టలోను యాత్రాంగళ్లున్న గదులు ఎవరివి? లాడ్జీలు, సత్రములు ఎవరివి? చాలవఱకు మనవియే. మూసిననెలల బాడుగను పూర్తిగా వసూలుచేసినవారు మనలో లేరా? శిస్తు మాఫీ కోరి కలెక్టరుకు అర్జీలు పెట్టుకొను మనము, మన గుమ్మమునకు వచ్చిన యర్జీని ఏమిచేసితిమో యెవరికి వారే విచారించుకొనవలసియున్నది.

ఈ సీమలోనే 1866 నాటి కఱవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తన గాదెలు తెఱచి వేలజనులకు కూడుపెట్టిరి. ఈ జిల్లాలోనే వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి యూరూర బిచ్చమెత్తి, పాడువడిన ఒంటిమిట్టరాముని కోవెలకు పూర్వవైభవమును దెచ్చిరి. ఒకరు గాదె తెఱచిరి. ఒకరు చిప్ప పట్టిరి. నేడు ఒంటిమిట్టకు వచ్చు యాత్రికులలో నెందఱో టెంకాయ కొట్టిన పిదప చిప్పను చేతబట్టుకొని యింటికి పోవుచుందురు. ఆ టెంకాయను అమ్మినవారు రాని కఱవుయేట వట్టిచిప్పతో వీధిని నిలువకుండునట్లు, యాత్రలు నిండుగా నున్న యీ దినములలోనే చట్టమును, నిధిని సిద్ధపఱుపుడని ప్రభుత్వమువారిని, తమ గదుల బాడుగపత్రములలో మూసిననెలల మాఫీని నేడే వ్రాయుడని మన చదువరులను కోరుచున్నాము.